ఆఫీసు హీటరు

ఆ భవనంలో ఆయన్ని అందరూ కరెంటాయన అనేవారు. స్తంభాలెక్కి తీగలు బిగించే మనిషేమీ కాదు. కరెంటు ఆఫీసులో కూర్చుని ఏ వీధికి ఎంత కరెంటు వెళ్తోందో చూసుకునే గుమాస్తా. అయినా ఎవరింట్లో బల్బు మాడినా, ఫ్యూజు పోయినా "కరెంటాయన్ని అడగండి" అనేవారు. ఆయన కూడా ఆ సరుకేదో తన పెరట్లోనే కాస్తున్నట్టు గంభీరంగా తల పంకించి జవాబు చెప్పేవాడు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అడిగేవాళ్ళుంటే చెప్పడానికి ఎవరికి మాత్రం చేదు?

ఆ ఏడు చలి ఇంకా మొదలు కాకముందే ఆఫీసులో పెద్దాయన గది తలుపులు వేయించి చెప్పాడు. ఈసారి చలి ముదిరితే కరెంటు చాలదు, సాయంత్రాలు వీధుల వారీగా కోత తప్పదు. జనానికి ఎప్పుడు చెప్పాలో పైవాళ్ళు చూసుకుంటారు. అందాకా ఈ మాట గది దాటకూడదు. దాటిందో, దాటించినవాడు మళ్ళీ ఈ గదిలో అడుగు పెట్టడు.

మాట గది దాటలేదు కానీ, కరెంటాయన కడుపులో కూర్చుని ఇంటిదాకా వచ్చింది. మర్నాటి నుంచీ ఆయన ఖాళీ సంచితో ఆఫీసుకు వెళ్ళి నిండు సంచితో తిరిగిరావడం మొదలుపెట్టాడు. ఒకే కొట్లో కొంటే అనుమానం వస్తుందని ఒక్కో వీధిలో ఒక్కో కొట్టు. కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, బ్యాటరీలు, టార్చిలు, కిరసనాయిలు దీపాలు, వేడినీళ్ళ ఫ్లాస్కులు, ఉన్ని దుప్పట్లు. కరెంటు లేకపోతే మోటరు ఆడదు కదా అని నీళ్ళకి ఒక పెద్ద డ్రమ్ము. చివరికి ఊరికి ఆ కొసనున్న కొట్టునుంచి ఒక కిరసనాయిలు హీటరు. దాన్ని పాత దుప్పట్లో చుట్టి మోసుకొస్తుంటే మెట్ల మీద డ్రైవరు ఎదురయ్యాడు.

"ఏం గురువుగారూ, పసిపిల్లని ఎత్తుకొచ్చినట్టు తెస్తున్నారు, ఏమిటది?"

"మా అమ్మకి కుర్చీ."

డ్రైవరు అడిగింది కుశలమే. కానీ గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు కరెంటాయన కుర్చీ గురించి ఇంకా నాలుగు మాటలు చెప్పాడు. దాని కాళ్ళు మడతపడతాయట, తల్లికి నడుం నొప్పట. అట్టడుగు అంతస్తులో ఉండే ఆ బస్సు డ్రైవరు నోరు పెద్దది గానీ మనసులో ఏమీ ఉండదు. "పెద్దావిడకి మంచిపని చేశారు" అని వెళ్ళిపోయాడు.

ఇంట్లో భార్య ఆ సామానంతా మంచాల కింద సర్దుతూ ఒకటే అడిగింది. "ఏమండీ, కరెంటు పోయేది మనింట్లోనేనా?"

"నీకెందుకు? నువ్వు నోరు మెదపకు, చాలు."

"నేను మెదపను. అత్తయ్య సంగతేమిటి?"

సంగతి నిజమే. వాళ్ళమ్మవి పాము చెవులు. పక్కింట్లో సూది పడినా వినబడుతుంది. విన్నది ఆవిడ నోట్లో నువ్వుగింజ నానినంతసేపు కూడా ఆగదు. అందుకని ఆవిడకి ఏమీ చెప్పలేదు. కొవ్వొత్తులు చూసి అడిగితే ఆఫీసులో పంచారన్నారు.

ఇంతా చేశాక ఇంకో అనుమానం పట్టుకుంది కరెంటాయనకి. వీధంతా చీకటిగా ఉండి తన కిటికీలోంచి మాత్రం వెలుగొస్తే? అందరికీ తెలిసిపోతుంది, అందరూ వచ్చి తలుపు తడతారు. కాదనలేడు, అందరికీ ఇవ్వనూ లేడు. కిటికీలకి మందపాటి నల్లటి కర్టెన్లు కావాలి. కుట్టేది ఎవరు? సరిగ్గా వీళ్ళ కింద వాటాలో ఉండే దర్జీపిల్ల.

దర్జీపిల్ల ఆయన్ని అన్నయ్యా అని పిలిచేది, ఆయన భార్యని వదినా అనేది. వరస కలుపుకున్నదే గానీ రక్తసంబంధం కాదు. పెళ్ళి చేసుకోకుండా తండ్రిని చూసుకుంటూ కుట్టుమిషను మీద ఇల్లు నెట్టుకొస్తున్న మనిషి. తండ్రి ఒకప్పుడు రొట్టెల బట్టీలో పనిచేశాడు. ఏళ్ళ తరబడి పిండీ పొగా పీల్చి ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయి. చల్లగాలి తగిలితే దగ్గు తెర విడవదు. ఎలక్ట్రిక్ హీటరు పక్కనే ఆయన చలికాలమంతా గడిచేది. ఆయన్ని భవనమంతా రొట్టెల తాత అనేది.

దర్జీపిల్ల మెడలో టేపు వేసుకుని కొలతలకి వచ్చింది. "ఇంత మందం గుడ్డ ఎందుకన్నయ్యా?" అంటే, అమ్మ కళ్ళకి వెలుతురు పడటం లేదన్నాడు. పక్కగదిలోంచి "నా కళ్ళకేం, దివ్యంగా ఉన్నాయి!" అని వినబడింది. "అలాగే అంటుంది, ఒప్పుకోదు" అని నవ్వేశాడు. దర్జీపిల్ల కూడా నవ్వింది. కిటికీ దగ్గర టేపు పట్టుకుని నిలబడి, కొలత చూడకుండా ఆయన వంక చూసింది.

"అన్నయ్యా, ఒక మాట అడగనా? చలికాలం కరెంటు పోతుందని బజార్లో అనుకుంటున్నారు. నిజమేనా? కొండవతల మా అక్కావాళ్ళింట్లో కట్టెల పొయ్యి ఉంది. నాన్నని ఇప్పుడే తెచ్చి దింపెయ్యమంటోంది. మంచు పడ్డాక ఆ కొండదారి మూసేస్తారు కదా, మళ్ళీ కదలడానికుండదు. నాన్నేమో ఇల్లు వదలనని మొండికేస్తున్నాడు. మీరు పోతుందంటే ఎత్తుకునైనా తీసుకెళ్తాను."

నాకు తెలీదమ్మా అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. చెప్పకూడదమ్మా అన్నా, తెలివైన పిల్ల, అర్థం చేసుకునేది. కానీ తెలీదంటే కరెంటాయన ఏం కరెంటాయన? చెప్పకూడదంటే చెప్పినట్టే, ఉద్యోగం ఊడినట్టే. పైగా కళ్ళెదుట మంచాల కింద ఆ సామానంతా ఉంది. ఛీ, ఆ క్షణంలో ఆయన బుర్ర ఎలా పనిచేసిందో గానీ, నవ్వాడు. చెయ్యి ఇలా ఊపేశాడు.

"బజారు మాటలు నమ్ముతావా, నేనిక్కడుండగా? కరెంటూ పోదు, ఏమీ పోదు. నాన్నని ఎక్కడికీ కదపకు."

"అమ్మయ్య!" అంది దర్జీపిల్ల. "మీరన్నారంటే ఇంక చూసుకోనక్కర్లేదు." హాయిగా కొలతలు తీసుకుని వెళ్ళిపోయింది.

మంచు పడింది, కొండదారి మూసేశారు. ఆ వారంలోనే ఒక పొద్దున్న రేడియోలో చెప్పారు, ఆ రోజు నుంచే కోత అని. మధ్యాహ్నానికల్లా బజార్లో కొవ్వొత్తి అన్నది లేదు. పొద్దు వాలుతుండగా వీధి వీధంతా చీకటైపోయింది.

కరెంటాయన ఇంట్లో మాత్రం కడుపులో చల్ల కదలకుండా ఉంది. మూడు దీపాలు వెలుగుతున్నాయి, హీటరు ఎర్రగా కాలుతోంది. ఫ్లాస్కులో టీ ఉంది. కర్టెన్లు అంచు కూడా కదలకుండా కిటికీలకి అతుక్కున్నాయి. వాళ్ళమ్మ పేకముక్కలు పరుచుకుని ఒంటరాట ఆడుకుంటోంది. ఆయన దుప్పటి కప్పుకుని, చూశావా ముందుచూపంటే ఇదీ అన్నట్టు భార్య వంక చూశాడు. ఆవిడ చూపు కలపలేదు.

తలుపు చప్పుడైంది.

అంతే, ఆయన ఒక్క గెంతు గెంతాడు. దీపాలు ఉఫ్ ఉఫ్ అని ఆర్పేశాడు. హీటరు చిన్నది చేసి మంచం చాటుకి లాగి దాని ముందు కుర్చీ అడ్డం పెట్టాడు. ఆ హడావిడిలో మోకాలు దేనికో కొట్టుకున్నా కిక్కురుమనలేదు, తేలు కుట్టిన దొంగలా పళ్ళు బిగించి నిలబడ్డాడు.

"ఉన్నట్టుండి ఆర్పేశారేమిట్రా? నా రాణి ముక్క ఎక్కడో పడింది!" అని అరిచింది వాళ్ళమ్మ.

"కరెంటు పోయింది అత్తయ్యా," అంది భార్య గట్టిగా, తలుపు తీస్తూ.

గుమ్మంలో దర్జీపిల్ల. చేతిలో సగం కొవ్వొత్తి వెలుగుతోంది, రెండో చేతిలో ఇంకో సగం ఉంది.

"ఉన్నదొక్కటే వదినా, కత్తెరతో సగానికి కోశాను. మీ ఇంట్లో చూస్తే మరీ అన్యాయంగా ఉంది. వీధిలోంచి చూస్తే అందరి కిటికీల్లోనూ ఏదో ఒక మినుకు కనబడుతోంది. ఆ కర్టెన్లు పగటి వెలుతురుకే కదా, రాత్రి తీసేసుకున్నా మీదొక్కటే కటిక చీకటి."

ఆ పిల్ల గాలి పీల్చి "ఏదో మాడిన వాసనొస్తోందే" అంది. "అగ్గిపుల్ల... అదీ ఆరిపోయింది" అన్నాడు కరెంటాయన. "మాకన్నా పైన కదా, మీకు కాస్త వెచ్చగానే ఉంది, నయం" అని ఆ మిగిలిన అనుమానం కూడా ఆ పిల్లే తీర్చేసుకుంది. నమ్మినవాళ్ళతో ఉన్న గొడవే అది, అబద్ధానికి పడిన చిల్లులు వాళ్ళే కుట్టిపెడతారు.

"కింద డ్రైవరన్న మిమ్మల్ని తిట్టిపోస్తున్నాడన్నయ్యా. తెలిసే దాచాడు, ఆఫీసువాళ్ళంతా ఇంతే అని. నాకు ఒళ్ళు మండింది. చెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కెళ్ళి మీ కిటికీలు చూపించాను. తెలిసినవాడైతే కన్నతల్లిని ఇలా చీకట్లో కూర్చోబెడతాడా అన్నాను. ఇంక నోరెత్తలేదు. పైవాళ్ళు మీక్కూడా చెప్పకుండా మోసం చేశారు. మీరు మనసులో పెట్టుకోకండి."

సగం కొవ్వొత్తి వదిన చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

చాలాసేపు ఎవరూ దీపం వెలిగించలేదు. భార్య ఆ ముక్కని గుప్పిట్లో పట్టుకుని చీకట్లోనే కూర్చుంది.

"నాకు తల కొట్టేసినట్టుంది," అంది.

కరెంటాయనకి మాత్రం తల ఎక్కడుంది? ఒక్కసారి భూమి చీలితే బాగుండునని అందరూ మాటవరసకంటారు. ఆయనకి ఆ రాత్రి నిజంగానే అలా అనిపించింది. మర్నాటి నుంచీ ఇంకా ఘోరం. మెట్ల మీద ఎవరు కనబడినా జాలే. వీళ్ళ పై అంతస్తులో ఉండే, పసిపాప ఉన్న లెక్కల మాస్టారు ఆగి మరీ చెయ్యి పట్టుకుని, "మీ పరిస్థితి మాకర్థమైందండీ" అన్నాడు. డ్రైవరు కాస్త తల గోక్కుని "నోరు జారాను గురువుగారూ, క్షమించండి" అన్నాడు. తిట్టిన మనిషి క్షమాపణ చెప్తుంటే, తిట్లు తినాల్సిన మనిషి "పర్లేదు, పర్లేదు" అని క్షమించాడు. ఇంతకన్నా సిగ్గుచేటు ఇంకేం ఉంటుంది?

కోతలు సాగాయి. రోజూ సాయంత్రం దీపం వీళ్ళింట్లో వెలుగుతూనే ఉంది, తలుపు చప్పుడైతే ఆరుతూనే ఉంది. చలికి వాళ్ళమ్మ గడప దాటకపోబట్టి మాట బయటపడలేదు. అయితే నేల కిందనుంచి ఇంకో చప్పుడు మొదలైంది. రొట్టెల తాత దగ్గు. మొదట తెరలు తెరలుగా ఉండేది, తర్వాత తెర విడవకుండా. దగ్గి దగ్గి ఆగినప్పుడు, మళ్ళీ ఊపిరి తీసే చప్పుడు కోసం పైన ముగ్గురూ చెవులు రిక్కించేవారు.

"ఆయనకేదో కాస్త వెచ్చగా పెట్టకూడదూ ఆ పిల్ల?" అంది వాళ్ళమ్మ ఒకనాటి సాయంత్రం, హీటరు ముందు చేతులు కాచుకుంటూ.

భార్య లేచి హీటరు ఆర్పేసింది. అది చల్లారేదాకా దాని పక్కనే నిలబడింది. తర్వాత తుడిచి మొగుడి ముందు పెట్టింది.

"కిందికి తీసుకెళ్ళండి."

"ఏమని చెప్పను?"

"ఉన్నది చెప్పండి."

ఆయన మోసుకుని బయల్దేరాడు. ఉన్నదే చెప్పాలనుకున్నాడు, పాపం. మెట్టు మెట్టుకీ ఆ మాట పేర్చుకున్నాడు. అమ్మా, నాకు తెలుసు, తెలిసే చెప్పలేదు. తలుపు తెరుచుకుంది. దర్జీపిల్ల మొహం పీక్కుపోయి ఉంది. లోపల తాత మూడు కోట్లు వేసుకుని మంచంలో కూర్చుని ఉన్నాడు. హీటరు చూసి ఆ పిల్ల కళ్ళు వెలిగాయి. "ఎక్కడిదన్నయ్యా?" అంది.

"ఆఫీసువాళ్ళిచ్చారు," అన్నాడు కరెంటాయన.

ఆగితే బాగుండేది. అబద్ధమాడేవాడికి ఒక మాట ఎక్కువ చెప్పే జబ్బుంటుంది. ఆఫీసు ఎందుకిచ్చిందని అడుగుతుందేమోనని, అడక్కముందే అతికించాడు: "భవనానికి ఒకటి చొప్పున."

"భవనానికా?" అన్నాడు తాత లోపల్నుంచి. దగ్గు ఆపుకుని, చెయ్యెత్తి. "అయితే నాకెందుకయ్యా? పైన పసిగుడ్డుంది. దానికివ్వు."

"నాన్నా!"

"నువ్వూరుకో. బట్టీ ముందు బతికినవాణ్ణి, పది జన్మలకి సరిపడా వేడి చూశాను. పసిదాని వంతు లాక్కుని బతకమంటావా? తీసుకెళ్ళవయ్యా."

తాత మొండి. చెప్పానుగా, పెద్దకూతురి ఇంటికే కదలని మనిషి. కూతురు కళ్ళు తుడుచుకుని "తీసుకెళ్ళండన్నయ్యా, నాన్న వినడు" అంది. కరెంటాయన హీటరెత్తుకుని తన గుమ్మం దాటి పైకెక్కాడు. తన తలుపు సందులోంచి భార్య చూస్తోందని తెలుసు. అటు తిరగలేదు.

లెక్కల మాస్టారు విషయమంతా విన్నాడు. "మేం ముగ్గురం ఒక్క రజాయిలో దూరి పడుకుంటున్నామండీ, పాప మా మధ్య నిప్పుకణికలా ఉంటోంది. తాతగారి దగ్గు మాకు ఇక్కడిదాకా వినబడుతోంది. అందరి సొత్తూ మేం పెట్టుకుని ఆ దగ్గు వింటూ ఎలా పడుకుంటాం?" అన్నాడు. తనే ఒక పక్క పట్టుకుని మెట్లు దిగడం మొదలుపెట్టాడు. ఆ అలికిడికి డ్రైవరు కింది నుంచి వచ్చాడు. దర్జీపిల్ల తలుపు ముందు అందరూ కలిశారు. పాపకని తాత, తాతకని మాస్టారు. మధ్యలో హీటరు, దాని పక్కన కరెంటాయన.

"ఆగండి, ఆగండి!" అన్నాడు డ్రైవరు. "మీరంతా ఒక మనిషిని మరిచిపోయారు. ఈ భవనంలో అందరికన్నా పెద్దది ఎవరు? గురువుగారి అమ్మగారు. ఈయన చూడండి, హీటరు చేతికొస్తే కన్నతల్లి ముందు పెట్టుకోకుండా ఇంటింటికీ మోసుకు తిరుగుతున్నాడు. ఇలాంటివాణ్ణి నేను తిట్టాను, నా నోట్లో మన్ను పడ! ఇది ఆవిడకే పెట్టాలి. కాదన్నవాళ్ళు నాతో మాట్లాడండి."

ఎవరూ కాదనలేదు. లోపల తాత కూడా "అదీ మాటంటే" అన్నాడు, అని దగ్గులో పడ్డాడు. దర్జీపిల్ల తండ్రి వైపు ఒకసారి చూసి, "డ్రైవరన్న చెప్పింది న్యాయమే" అంది. ఆ మాట అనడానికి ఆ పిల్లకి ఎంత కష్టమైందో పెదవి చూస్తే తెలుస్తోంది. డ్రైవరు హీటరు భుజానికెత్తుకుని కరెంటాయన ఇంటి వైపు మెట్లెక్కుతున్నాడు.

"దించు," అన్నాడు కరెంటాయన.

"మొహమాటపడకండి గురువుగారూ..."

"దించవయ్యా! అది ఆఫీసుది కాదు, నాది. చలి రాకముందే కొన్నాను. కుర్చీ అని చెప్పింది దీన్నే. కరెంటు పోతుందని నాకు ముందే తెలుసు. మా ఇంట్లో కొవ్వొత్తులున్నాయి, దీపాలున్నాయి, అన్నీ ఉన్నాయి. ఒక్క రోజు కూడా మేం చీకట్లో కూర్చోలేదు."

డ్రైవరుకి తిట్టు దొరకని సందర్భం ఆ భవనంలో అదొక్కటే. హీటరు మెట్టు మీద పెట్టి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. మాస్టారు గోడ వైపు చూశాడు.

దర్జీపిల్ల అడిగింది, నెమ్మదిగానే. "నేను కిటికీ దగ్గర నిలబడి అడిగానే, నాన్నని పంపెయ్యనా అని. అప్పుడు కూడా తెలుసా?"

"తెలుసు."

ఆ పిల్ల నాలుగు మెట్లెక్కి వచ్చి హీటరుకి ఒక పక్క పట్టుకుంది. డ్రైవరు రెండో పక్క పట్టాడు. దించి లోపలికి తీసుకెళ్ళారు. "మళ్ళీ తెచ్చారేమే?" అని తాత గొణగడం వినబడింది. "ఇది ఎవరి వంతూ కాదు నాన్నా, మనకి రావాల్సిందే" అంది. అగ్గిపుల్ల గీసిన చప్పుడైంది.

తర్వాత గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"రేపు ఎప్పుడు పోతుంది, సార్?"

ఆయనకి ఒక్క క్షణం ఎవరిని అడుగుతోందో అర్థం కాలేదు.

"రేపు కూడా పొద్దు వాలగానే," అన్నాడు. "ఎల్లుండి నుంచి మారుతుంది. పొద్దున్నపూట కూడా తీస్తారు."

"ఇంకా తెలిసినవి ఉంటే చెప్పండి సార్. అందరూ ఇక్కడే ఉన్నారు."

ఆయన చెప్పాడు. ఆఫీసు గదిలో విన్నదంతా, దాటకూడదన్నదంతా ఆ మెట్ల మీద నిలబడి చెప్పాడు. ఉద్యోగం మాట గుర్తుకొచ్చింది గానీ అదిప్పుడు చాలా చిన్న విషయంలా కనబడింది. ఆ పిల్ల అంతా విని "సరే సార్" అంది. తలుపు వేసుకుంది.

కరెంటాయన ఇంటికొచ్చేసరికి భార్య మంచాల కింది సామాను బయటికి లాగి సంచుల్లో సర్దుతోంది, ఏ ఇంటికి ఏమివ్వాలో. ఆయన వచ్చి కూర్చున్నా తలెత్తలేదు. వాళ్ళమ్మ దుప్పటి మెడదాకా కప్పుకుని తలుపు వైపే చూస్తోంది.

"కింద ఎవరొచ్చారురా?" అంది. "మన దర్జీపిల్ల ఎవర్నో సార్, సార్ అంటోంది. మీ పెద్దాఫీసరేమైనా వచ్చాడా?"

"ఎవరూ రాలేదమ్మా," అన్నాడు. "నన్నే."